సెంటుకు తక్కువ జాగా

35 చదరపు మీటర్లంటే మన లెక్కలో 42 గజాలకు కొంచెం తక్కువ. సెంటంటే 48 గజాల పైచిలుకు. సెంటులోంచి ఇంకో ఆరు గజాలు కోసేస్తే మిగిలేంత జాగా అది. ఇండోర్‌లో అంతంత జాగాల్లో పేదలను కాపురం పెట్టించిన లేఔటుకి 1995లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. దాన్ని గీసిన ఆఫీసు పెద్దాయనకు 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆర్కిటెక్టులకు అంతకన్నా పెద్ద గుర్తింపు ప్రపంచంలో లేదంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో 30 లక్షల మందికి పైగా ఇళ్ల పట్టాలు పంచడం మొదలుపెట్టినప్పుడు పట్టణాల్లో ఒక్కో కుటుంబానికి చూపించింది ఒక్క సెంటు. సెంటులో కాపురమేంటని ఒకరు, ఏమీ లేనివాడికి సెంటే గొప్పని ఇంకొకరు టీవీల్లో నెలల తరబడి వాదించుకున్నారు. ఆ గొడవ విన్నప్పుడల్లా నాకు ఇండోర్ గుర్తొచ్చేది. వాదన అంతా జాగా ఎంత అన్నదాని దగ్గరే తిరిగింది. ఆ జాగా ముందు ఏముంది, వెనక ఏముంది, పనికి పోవాలంటే ఎంత దూరం, చివరికి పట్టా ఎవరి చేతిలో మిగులుతుంది అని అడిగినవాళ్లు తక్కువ.

నా ఉద్యోగమంతా పేదల ఇళ్ల లేఔట్లు గీసే ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా గడిచింది. ఆఫీసు పేరు ఎందుకులెండి. ఎకరానికి ఎన్ని ప్లాట్లు దిగాయన్నదే అక్కడ లెక్క. సర్వేయరు పంపిన స్కెచ్ మీద ట్రేసింగ్ పేపరు పరచడం, టీ-స్క్వేర్ పెట్టి అడ్డంగా నిలువుగా గీతలు లాగడం. మలుపు తిప్పితే ఒక ప్లాటు పోతుంది కాబట్టి మలుపు ఉండకూడదు. చెట్టుంటే అది రోడ్డులోకైనా రావాలి, లేదా నేల మీదైనా పడాలి. సాయంత్రానికి అమ్మోనియా ప్రింటు తీసి సంతకానికి పంపాలి. ఒకసారి ఒక లేఔటులో ప్రతి ప్లాటు ముందూ అరుగుకి మూడడుగులు చూపించాను. మా పెద్దాయన ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి, "అరుగంటే ఎన్‌క్రోచ్‌మెంటయ్యా. రేపు ఆడిట్ వాళ్లకి నువ్వు చెప్తావా సమాధానం?" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయనకు తెలిసిన రూలు అది.

ఆ ఇండోర్ లేఔటు గీయించిన బాలకృష్ణ దోశీ పేరు నాకు మా ఆఫీసులో తెలియలేదు. ఆయన కట్టించిన ఇళ్లలో మాత్రం చిన్నప్పుడే తిరిగాను. మా మేనమామ ఈసీఐఎల్‌లో పనిచేసేవాడు. 1967లో ఎ.ఎస్.రావు గారి సారథ్యంలో ఆ కంపెనీ మొదలైనప్పుడు హైదరాబాదుకి ఈశాన్యంగా అటంతా రాళ్లూ తుప్పలే. ఇప్పుడు ఆయన పేరు మీదే ఏఎస్‌రావు నగర్ ఉంది, ఈసీఐఎల్ చౌరస్తా దాటాలంటే సిగ్నల్ దగ్గర ఓపిక పట్టాలి. కంపెనీ ఉద్యోగులకు టౌన్‌షిప్ కావాలని దోశీకి అప్పగించారు. 1968 నుంచి 1971 దాకా ఆ పని నడిచింది. సెలవులకి వెళ్లినప్పుడు మాకు తెలిసిందల్లా ఒకటే: ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ ఇళ్ల మధ్య సందుల్లో ఆడుకోవచ్చు. ఒక ఇంటి గోడ నీడ పక్క ఇంటి మీద పడేట్టు ఇళ్లను దగ్గరగా జరిపి కట్టారు. మిగతా ప్రభుత్వ క్వార్టర్లలో మాదిరిగా ఇంటింటికీ మధ్య ఖాళీ మైదానం వదిలి, అందులో ఎండను పండించలేదు. ఈ సంగతి ఎవరో ఆలోచించి చేసిందని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, ఒక పుస్తకంలో ఆ టౌన్‌షిప్ ప్లాను చూసినప్పుడు.

దోశీ 1927లో పుణెలో పుట్టాడు. వాళ్ల తాతది ఫర్నిచర్ వ్యాపారం. చెక్క పనివాళ్ల మధ్య పెరిగి, 1947లో బొంబాయి జె.జె. ఆర్కిటెక్చర్ స్కూల్లో చేరాడు. అక్కణ్నుంచి లండన్, లండన్ నుంచి 1951లో పారిస్. పారిస్‌లో ఆర్కిటెక్టు లె కార్బూజియే ఆఫీసులో మొదటి ఎనిమిది నెలలు జీతం లేకుండా పనిచేశాడు. కార్బూజియే అహ్మదాబాదులో కడుతున్న భవనాల పని చూసుకోవడానికి తిరిగొచ్చి, అక్కడే స్థిరపడ్డాడు. అట్టడుగున ఉన్నవాడికి సరైన ఇల్లు ఇవ్వడమే తన జీవితంలో పని కావాలని 1954లో ఆయన తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడని చెప్తారు. కుర్రతనంలో అలాంటి ఒట్లు చాలామంది పెట్టుకుంటారు. వయసు మీద పడ్డాక కూడా ఆ ఒట్టు గుర్తుంచుకున్నవాళ్లు తక్కువ, అందుకే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

1950ల మధ్యలో ఆయన పెట్టిన ఆఫీసు పేరు వాస్తుశిల్ప. మొదట్లో మిల్లు యజమానుల సంస్థలకూ, పరిశోధన సంస్థలకూ క్వార్టర్లు గీసింది. 1973లో అహ్మదాబాదులో ఎల్ఐసీ ఉద్యోగులకు 324 ఇళ్లు కట్టే పని వచ్చింది. మామూలుగా అయితే పెద్ద జీతం వాడికి ఒక వీధిలో పెద్ద ఇల్లు, చిన్న జీతం వాడికి ఇంకో వీధిలో చిన్న ఇల్లు గీస్తారు. ఇక్కడ ఒకే మెట్ల వరసలో పెద్ద ఇల్లు కింద, అంతకన్నా చిన్నది దాని మీద, ఇంకా చిన్నది ఆ పైన. ఎక్కేకొద్దీ ఇల్లు తగ్గుతుంది, డాబా పెరుగుతుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఆ డాబా మీద గది వేసుకోవచ్చు. వేసుకున్నారు కూడా. బాల్కనీలు మూసేశారు, రంగులు మార్చారు, మెట్లు తిప్పారు. వేరే ఆర్కిటెక్టయితే తన బిల్డింగు పాడుచేశారని కోర్టుకెక్కేవాడేమో. దోశీ మాత్రం ఇళ్లు అలా మారడమే తనకు కావలసిందని చివరిదాకా చెప్పుకుంటూ వచ్చాడు.

ఆఫీసుకి పక్కనే 1978లో వాస్తుశిల్ప ఫౌండేషన్ అని ఒక పరిశోధన సంస్థ కూడా పెట్టాడు. 1980కి సంగత్ అనే సొంత ఆఫీసు భవనం తయారైంది. సగం నేలలోకి దిగిన గుల్ల కప్పులు, వాటి మీద పగిలిన పింగాణీ ముక్కలు అంటించిన తెల్లటి పైపూత. ఆర్కిటెక్చర్ విద్యార్థులు దాన్ని చూడటానికి బస్సుల్లో వస్తారు. నేనైతే ఫౌండేషన్ ఇండోర్‌లో నాలుగైదేళ్లు చేసిన పనికి దానికన్నా ఎక్కువ విలువ కడతాను.

అప్పట్లో ఇండోర్ మిల్లుల ఊరు. బట్టల మిల్లుల్లో పనికొచ్చినవాళ్లు, ఆ మిల్లుల చుట్టూ రిక్షా లాగేవాళ్లు, కూరలమ్మేవాళ్లు, గేదెలు పెంచేవాళ్లు ఎక్కడ జాగా దొరికితే అక్కడ గుడిసెలు వేసుకున్నారు. 1980ల మొదట్లో ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ ఊరి నడిబొడ్డు నుంచి ఆరు కిలోమీటర్ల దూరంలో, ఆగ్రా-బొంబాయి రోడ్డు పక్కన, 85 హెక్టార్ల భూమి తీసి, అంటే మన 210 ఎకరాలు, కొత్త బస్తీ గీయమని ఫౌండేషన్‌ని అడిగింది. అథారిటీ ఇంజినీర్ల దగ్గర అప్పటికే ఒక ప్లాను ఉంది. అడ్డగీతలు, నిలువుగీతలు, మా ఆఫీసు ప్లానుకి తోబుట్టువు.

ఫౌండేషన్ వాళ్లు వెంటనే గీయడానికి కూర్చోలేదు. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ నుంచి విటోల్డ్ రిబ్‌జిన్‌స్కీ, విక్రమ్ భట్ వంటివాళ్లతో కలిసి ఇండోర్‌లో ఉన్న గుడిసెల బస్తీలకు టేపు పట్టుకుని వెళ్లారు. ఆ పరిశీలన "హౌ ది అదర్ హాఫ్ బిల్డ్స్" పేరుతో 1984లో పుస్తకంగా వచ్చింది. నా చేతికి దాని జిరాక్స్ వచ్చినప్పుడు మొదట బొమ్మలు మాత్రమే చూశాను. డ్రాఫ్ట్స్‌మన్ కళ్లు కదా, బొమ్మే ముందు కనిపిస్తుంది. మంచి చేతి గీత. వాళ్లు కొలిచినవి చూస్తే మా ఇంజినీర్లు నవ్వేవాళ్లు. గుడిసె ముందున్న తిన్నె ఎంత ఎత్తు, ఎంత వెడల్పు. వేపచెట్టు నీడలో మంచం వేసుకుని ఎవరేం పనిచేస్తున్నారు. ముందు గదిలో దుకాణం పెట్టినవాడికి సరుకు పేర్చడానికి ఎంత చోటు పట్టింది. మేకను ఎక్కడ కట్టారు. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకోవడానికి వరస ఎంత దూరం పోతుంది. సందు వెడల్పు ఎంత తగ్గితే ఎదురింటావిడతో కూర్చున్నచోటు నుంచే మాట్లాడొచ్చు.

వాళ్లకు తేలిన సంగతి ఏమిటంటే, ఆ బస్తీల్లో ఇల్లు గోడల దగ్గర ఆగడం లేదు. లోపల ఒక్క గదే. వంట, స్నానం, బీడీలు చుట్టడం, పిల్లల చదువు, పెళ్లి మాటలు, రాత్రి నిద్ర, ఇవన్నీ తిన్నె మీదా, సందులోనూ, చెట్టు కిందా జరుగుతున్నాయి. ప్రభుత్వ లేఔట్లు ఈ బయటి సగాన్ని కొట్టేసి, రోడ్డుని లారీ పట్టేంత వెడల్పు చేసి, లోపలి సగాన్ని మాత్రం లెక్కకట్టి ప్లాటు ఇస్తున్నాయి. అప్పుడు 35 చదరపు మీటర్లు నిజంగానే చాలదు. బయటి సగాన్ని తిరిగి ఇస్తే చాలుతుంది. నేను గీస్తే ఎర్ర పెన్సిల్ దెబ్బ తిన్న ఆ మూడడుగులు ఎందుకు కావాలో చెప్పడానికి అప్పట్లో నాకు మాటలు లేవు. ఈ పుస్తకంలో ఉన్నాయి.

ఆ కొలతలతో గీసిందే అరణ్య. సుమారు 6,500 ప్లాట్లు, 60 వేల మందికి పైగా జనం కోసం. మూడింట రెండొంతులు, లెక్క చెప్పాలంటే 65 శాతం, బలహీన వర్గాలకు. మిగతావి మధ్యతరగతికీ పైవాళ్లకీ. హైవే వైపు, పెద్ద రోడ్ల మీద ఉన్న ఖరీదైన ప్లాట్లను డబ్బున్నవాళ్లకు మార్కెట్ ధరకు అమ్మి, వచ్చిన లాభంతో లోపలి పేదల ప్లాట్ల ధర తగ్గించారు. ఊరి మధ్యగా ఒక వంకరటింకర వెన్నెముక, దాని మీద బజారూ ఆఫీసులూ. దాన్నుంచి చీలే వీధులు చీలేకొద్దీ సన్నగా అవుతాయి, చివరికి బండి రాని సందులు. పది ఇళ్లు ఒక గుంపుగా వీధి మీదికి తెరుచుకుంటాయి, ప్రతి ఇంటికీ వెనక చిన్న పెరడు. ఇరవై ఇళ్లకు కలిపి ఒక సెప్టిక్ ట్యాంకు. మరుగుదొడ్లను వీపుకు వీపు ఆనించడంతో పైపుల ఖర్చు తగ్గింది. ఇంటి ముందు వీధి అంచు నుంచి ఓట్లా, మన అరుగే, ప్లానులోనే గీసి ఇచ్చారు. ఎన్‌క్రోచ్‌మెంటు అనే మాటకు తావులేదు.

ఇక ఇల్లు. ఇల్లు ఇవ్వలేదు. పునాది వేసి బేస్‌మెంటు దాకా లేపి, వెనక మరుగుదొడ్డి, నీళ్ల కుళాయి, స్తోమతను బట్టి ఒక గది, అంతే. మిగతాది చేతికి డబ్బు వచ్చినప్పుడు వాళ్లే కట్టుకోవాలి. అది చదివినప్పుడు మా రికార్డులు కళ్లముందు ఆడాయి. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వచ్చింది, ఎన్టీ రామారావు గారి హయాంలో పక్కా ఇళ్ల కార్యక్రమం ఊరూరికీ పాకింది. ఇంటి పని ఎంతవరకు వచ్చిందో రాసే పట్టికలో వరసలు ఇలా ఉండేవి: మొదలు కాలేదు, బేస్‌మెంటు కింద, బేస్‌మెంటు లెవెల్, లింటెల్ లెవెల్, రూఫ్ లెవెల్, స్లాబ్ పడింది. బిల్లు కూడా ఆ మెట్ల లెక్కనే. బేస్‌మెంటు దగ్గర ఆగిన ఇల్లంటే మాకు పెండింగు, కలెక్టరు మీటింగులో తిట్లు, లబ్ధిదారు మీద కోపం. ఆ మనిషి ఆ ఏడాది కూతురి పెళ్లి చేశాడా, పంట పోయిందా అన్నది పట్టికలో లేదు. అరణ్యలో అదే బేస్‌మెంటు లెవెల్ పూర్తయిన పని కింద లెక్క. అక్కడి నుంచి పై మెట్లు ఎన్నేళ్లయినా పట్టనీ, ఎవరూ అడగరు.

ఎలా కట్టుకోవచ్చో చూపించడానికి దోశీ ఆఫీసు 80 ఇళ్లు నమూనాగా కట్టింది. ఒక గది దగ్గర మొదలుపెట్టి, బయటి మెట్లు, బాల్కనీ, పిట్టగోడ, పై గది ఒక్కోటి ఎలా కలుపుకోవచ్చో ఒక్కో ఇల్లు ఒక్కోలా చూపిస్తుంది. పత్రికల్లో వచ్చిన ఫొటోలు దాదాపు అన్నీ ఆ 80 ఇళ్లవే. జనం కట్టుకున్న మిగతా వేల ఇళ్ల ఫొటోలు వెతికితే గానీ దొరకవు. ఆర్కిటెక్టులకు వచ్చే గుర్తింపులో ఉన్న చిక్కు ఇదే. తన బొమ్మలా ఉన్నంతవరకే ఫొటో తీస్తారు.

1989కి అరణ్య పని ఒక దరికి వచ్చింది. 1995లో ఆగాఖాన్ అవార్డు. ఇండోనేషియాలోని సురకర్త రాజప్రాసాదంలో ఆ ఏడాది అవార్డుల సభ జరిగింది. అదే సభలో ఇంకో పేదల బస్తీకి కూడా అవార్డు ఇచ్చారు. హైదరాబాదు బస్తీ. మనది కాదు, పాకిస్థాన్ సింధ్‌లో ఉన్న హైదరాబాదు. పేరు ఖుదాకీ బస్తీ. 1980ల చివర్లో అక్కడి డెవలప్‌మెంట్ అథారిటీలో తస్నీం సిద్దిఖీ అనే అధికారి దాన్ని మొదలుపెట్టాడు. అందులో చెప్పుకోదగ్గ ఆర్కిటెక్చర్ ఏమీ లేదు. ప్లాటు కావాలంటే భార్యాపిల్లలతో, సామాను మూటలతో వచ్చి ముందు ఒక ఆవరణలో కొన్నాళ్లు మకాం ఉండాలి. నిజంగా ఇల్లు లేనివాడే అలా వచ్చి ఉంటాడు. అప్పుడు 80 గజాల ప్లాటు. మొదట నీళ్ల ట్యాంకరు తప్ప ఏదీ ఉండదు. డ్రైనేజీ, రోడ్డు, కరెంటు జనం నెలనెలా కట్టే కొద్దిపాటి డబ్బుతో ఒక్కొక్కటే వస్తాయి. ఇల్లు వదిలేసి పోతే ప్లాటు రద్దు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నా అభిప్రాయం. అరణ్యలో గీత గొప్పది, పంపకం మామూలుది. ఖుదాకీ బస్తీలో గీత మామూలుది, పంపకం గొప్పది.

కొన్నేళ్ల క్రితం ఇండోర్‌లో మా చుట్టాల పిల్ల పెళ్లికి వెళ్లి, ఒక పూట అరణ్య చూడాలని ఆటో ఎక్కాను. అరణ్య నగర్ అంటే ఆటో అతనికి తెలియలేదు. విజయనగర్ పక్కన అని చెప్పాక, "స్కీమ్ నంబర్ అఠ్‌హత్తర్?" అన్నాడు. 78వ నంబరు స్కీము. ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో ఉన్న పేరు ఆటోల్లో చెల్లదు. హైవే వైపు అంతా షోరూములు, ఆస్పత్రులు, కోచింగ్ బోర్డులు. పది అడుగులు లోపలికి తిరిగి, ఇంకో మలుపు తిరిగితే వీధి సన్నబడింది, చప్పుడు తగ్గింది. ఇళ్లు ఇప్పుడు రెండు మూడంతస్తులు. నమూనా ఇళ్లు ఏవో చెప్పడం కష్టం. టైల్స్, గ్రిల్సు, గులాబీ రంగు సున్నం. దోశీ గీసిన బయటి మెట్లు ఉన్నచోట మాత్రం పై అంతస్తు విడిగా అద్దెకు పోతోంది. లోపల్నుంచి మెట్లున్న ఇళ్లలో ఆ వీలు లేదు.

ఒక అరుగు దగ్గర నిలబడ్డాను. మోకాలెత్తు, మీద కోటా రాయి పలకలు, ఒక మూల కోసి స్కూటరు ఎక్కించే వాలు. దాని మీద ఒకావిడ మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. పక్కనే గ్యాసు సిలిండరు, ఒలుస్తున్న పచ్చిబఠానీల పళ్లెం, హోంవర్కు చేస్తున్న పిల్లాడు. "ఎవరిని వెతుకుతున్నారు భయ్యా?" అని హిందీలో అడిగింది. ఈ ఇళ్లు గీసినాయన మాకు తెలుసునని, వాటిని చూడ్డానికే వచ్చానని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తమ ఇల్లు ఎవరూ గీయలేదని, తన మామగారూ మేస్త్రీ కలిసి కట్టారని చెప్పింది. మరుగుదొడ్డి, కుళాయి, బేస్‌మెంటు మాత్రం అథారిటీ వాళ్లిచ్చారట. దోశీ వినుంటే దీన్ని తన మీద ఫిర్యాదుగా తీసుకునేవాడు కాదనుకుంటాను.

నాలుగు ఇళ్ల అవతల రెండు ప్లాట్లు కలిపి కట్టిన పెద్ద ఇల్లుంది, ముందు కారు. ఆ ఇంటాయన బ్యాంకు ఉద్యోగి. మొదట ప్లాటు వచ్చినవాళ్ల దగ్గర కొన్నామని మొహమాటం లేకుండా చెప్పాడు. అరణ్యను విమర్శించేవాళ్లు ఎత్తిచూపేది ఇదే. ఆదాయాలు వేరువేరుగా ఉన్నవాళ్లు ఒకేచోట ఉండాలన్న ఆశతో గీసిన ఊళ్లో, విలువ పెరిగేకొద్దీ చిన్న ప్లాట్లు చేతులు మారాయి. దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, కేటాయింపు కోసం ఎదురుచూడగలిగినవాడికే ప్లాటు దొరికింది. రోజు కూలీకి అంత తీరిక ఎక్కడిది? సింధ్ హైదరాబాదులో మూటాముల్లెతో వచ్చి కూర్చోమనడం కటువుగా అనిపిస్తుంది కానీ, దళారీని ఆపింది ఆ కటువుతనమే.

ఇండోర్‌లోనే ఇంకో అవార్డు కథ ఉంది. మురికివాడలను ఎత్తేయకుండా, వాటి గుండా డ్రైనేజీ, వాననీటి కాలువలు వేసి ఊరంతటి నెట్‌వర్కుతో కలిపే ప్రాజెక్టు. ఇంజినీరు హిమాంశు పారిఖ్ రూపొందించినది. దానికి 1998లో ఆగాఖాన్ అవార్డు వచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి గీతా దేవన్ వర్మ అనే ప్లానరు "స్లమ్మింగ్ ఇండియా" అనే పుస్తకంలో ఆ పని క్షేత్రంలో ఎలా ఉందో చూపించి చీల్చి చెండాడింది. ఆవిడ కోపం అంతా నాకు పట్టదు. కానీ మాన్‌హోలు మూత తెరిచి చూసి మార్కులు వేసే పద్ధతి ఆవిడది, అది నాకు నచ్చుతుంది. అవార్డు కమిటీలు పని అయిన కొద్దికాలానికి వస్తాయి. డ్రైనేజీ పనిచేస్తోందో లేదో తెలియడానికి పదేళ్లు పడుతుంది.

మన హైదరాబాదుకి ఏ అవార్డూ రాకపోయినా ఒక మాట చెప్పుకోవాలి. 1967లోనే ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని ఒక విభాగం మొదలైంది. 1970ల్లో బస్తీ జనానికి ఉన్నచోటే పట్టా ఇప్పించి, బ్యాంకు అప్పు చూపించి, ఇల్లు మీకు నచ్చినట్టు మీరే కట్టుకోండి అన్నారు. అందులో పేరున్న ఆర్కిటెక్టు లేడు కాబట్టి ఆర్కిటెక్చర్ పత్రికలు దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు పాత బస్తీల్లో మూడంతస్తుల ఇళ్ల ముందు నిలబడి అడిగితే, ఆ అప్పుతో వేసిన మొదటి గది ఏదో ముసలమ్మలు చూపిస్తారు.

ఆ తర్వాత మన దారి మారింది. 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లను, బస్తీ ఉన్న జాగాలోనే, గ్రౌండ్ ఫ్లోరు మీద రెండంతస్తులకు మించకుండా కట్టారు. బాగున్నాయి. 2023 నాటికి అదే పథకం ఔటర్ రింగురోడ్డు పక్కన కొల్లూరుకి చేరి 15,660 ఫ్లాట్లయింది. తొమ్మిది, పది, పదకొండు అంతస్తుల టవర్లు. ఇల్లు పూర్తిగా కట్టి, తాళంచెవి చేతిలో పెట్టడం గౌరవమే, కాదనను. ఇంట్లో రెండు పడకగదులూ ఉన్నాయి. కానీ తోపుడు బండి వాడు బండిని లిఫ్టులో ఎక్కించలేడు. మిషను కుట్టే ఆవిడకు తొమ్మిదో అంతస్తు గుమ్మం ముందుకి గిరాకీ రాదు. కొడుకు పెళ్లయితే ఇంకో గది వేసుకోవడానికి ఆకాశం ఉంది గానీ హక్కు లేదు. ఇటు ఆంధ్రలో సెంటు లేఔట్లు చాలాచోట్ల ఊరికి దూరంగా, పల్లపు భూముల్లో, మళ్లీ టీ-స్క్వేర్ గీతలతోనే వచ్చాయి. ఏ పార్టీ ప్రభుత్వమైనా లేఔటు గీసే చెయ్యి మాత్రం మారలేదు.

2018లో ప్రిట్జ్‌కర్ వచ్చేసరికి దోశీకి 90 ఏళ్లు. ఆ బహుమతి అందుకున్న మొదటి భారతీయుడు. అరణ్యలో అప్పటికి 80 వేల మందికి పైగా ఉంటున్నారని ఆ సందర్భంగా ప్రిట్జ్‌కర్ వాళ్లు లెక్క చెప్పారు. 2022లో బ్రిటన్ నుంచి రాయల్ గోల్డ్ మెడల్. 1976లో పద్మశ్రీ, 2020లో పద్మభూషణ్. 2023 జనవరి 24న అహ్మదాబాదులో కన్నుమూశాడు. మర్నాడు ప్రకటించిన జాబితాలో పద్మవిభూషణ్ ఉంది. పత్రికలన్నీ బెంగళూరు ఐఐఎం వరండాలూ, చిత్రకారుడు హుస్సేన్ బొమ్మలున్న అహ్మదాబాద్ గుఫా ఫొటోలూ వేశాయి. ఈసీఐఎల్ టౌన్‌షిప్ ఆయన గీసిందేనని మన తెలుగు పేపర్లలో ఎక్కడా నా కంటపడలేదు.

హౌసింగ్ శాఖల్లో కొత్తగా చేరిన ఏఈలకూ, టౌన్ ప్లానింగ్ కుర్రవాళ్లకూ ఒక విన్నపం. "హౌ ది అదర్ హాఫ్ బిల్డ్స్" ఒకసారి తిరగేయండి. ఇంగ్లీషు కష్టమైతే బొమ్మలు చూసినా చాలు. తర్వాతి లేఔటు గీసేముందు మీ పరిధిలోని ఏ బస్తీకైనా టేపు పట్టుకుని వెళ్లి, అరుగుల ఎత్తూ వెడల్పూ కొలిచి రాసుకోండి. ప్లానులో ప్లాటు ముందు మూడడుగులు వదలండి. ఎవరైనా ఎర్ర పెన్సిల్ తీస్తే, ఇండోర్ 78వ నంబరు స్కీములో వదిలారని చెప్పండి.